వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి తూకమా, టేపా?
ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఏళ్లు గడిచినా అదే బరువు ఉంటే, ఇంట్లో ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ చచ్చుబడిన కాళ్లలో కండ కరిగిపోతుంది, పొట్టలో కొవ్వు చేరుతుంది. కాటాకి ఈ తేడా తెలీదు. అందుకే బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) మామూలుగా మనకి 25 దగ్గర ఊబకాయం అంటే, వీళ్లకి 22 దగ్గరే ఊబకాయం అనుకోవాలి. పైగా తూకమంటే ధాన్యం కాటా దాకా తోసుకెళ్లి, కుర్చీ బరువు విడిగా తీసెయ్యాలి. ఎంత అవస్థో!

నా ఓటు టేపుకే. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముక కింద చుట్టాలి. కూర్చోబెట్టి కొలిస్తే పొట్ట ముందుకు జారి లెక్క తప్పుతుంది. 94 సెంటీమీటర్లు దాటితే షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.