అవనిగడ్డలో నాలుగు నెలల డీఎస్సీ కోచింగ్: ఉద్యోగం వచ్చింది, అయినా మూడు స్టార్లే

డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్షకు, చదివేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు: "అక్కా, అవనిగడ్డకు పోవాల్నా, ఇంట్లోనే చదువుకుంటే చాలా?" ప్రతిసారీ అరగంట మాట్లాడే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. లింకు పంపితే సరిపోతుంది.

మాది కదిరి దగ్గర పల్లె. బీఎస్సీ బీజడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఆ తర్వాత బీఈడీ. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) బయలాజికల్ సైన్స్ పోస్టు వచ్చింది, అక్టోబరులో బడిలో చేరాను. ఉద్యోగం రాని కడుపుమంటతో రాస్తోందని ఎవరూ అనుకోకూడదని ఆ సంగతి ముందే చెప్తున్నాను. కోచింగ్ సెంటర్ పేరు మాత్రం రాయను. అక్కడ ఇంకా మా వాళ్ళు చదువుతున్నారు.

2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం 16,347 పోస్టుల ఫైలు మీద సంతకం పెట్టిన వారం నుంచే అందరికీ తొందర మొదలైంది. అంతకుముందు ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది కదా, ఈసారి వదిలితే వయసు దాటిపోతుందని భయం. మూడేళ్ళ పాపను అత్త దగ్గర వదిలి జూలైలో కృష్ణా జిల్లా దివిసీమలోని అవనిగడ్డకు బయలుదేరాను. కోచింగ్ ఫీజు 14,000, మెటీరియల్ 2,500, హాస్టల్ నెలకు 5,000. దారి ఖర్చులు, జిరాక్సులు, మందులు అన్నీ కలిపి 40 వేలు దాటింది. అది మా ఆయన ఆటో మీద తెచ్చిన అప్పు.

హాలు అంటే రేకుల షెడ్డు. మా బ్యాచ్‌లో మూడు వందల మందికి పైనే ఉన్నాం. ముందు నాలుగు వరుసలకే బోర్డు కనపడుతుంది, వెనకవాళ్ళు టీవీ తెర చూడాలి. ఉదయం ఆరున్నర క్లాసుకు ఐదింటికే వెళ్ళి కుర్చీ మీద పుస్తకం పెట్టి రావాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా రూమ్మేట్ (చెల్లి అని పిలిచేదాన్ని) ఆ పనిలో ఆరితేరింది. నాలుగు నెలల్లో నాకు మూడో వరుస దాటి వెనక్కి వెళ్ళాల్సిన పని పడలేదంటే అది ఆ పిల్ల చలవే.

ముందు బాగున్నవి చెప్తాను. కంటెంట్ చాలా బాగా చెప్పారు. స్కూల్ అసిస్టెంట్ పరీక్ష 80 మార్కులకు, మిగతా 20 టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కుల వెయిటేజీ. ఆ 80లో సబ్జెక్టు కంటెంటే 40 మార్కులు, మెథడాలజీ 20, మిగతా 20లో జీకే, విద్యా దృక్పథాలు, సైకాలజీ. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు, రెండున్నర గంటల టైము. అంటే నిమిషానికి ఒక ప్రశ్న దాటాలి. ఆలోచించుకుంటూ కూర్చుంటే కుదరదు, చూడగానే తట్టాలి. ఆ తట్టేలా చేయడంలో వీళ్ళను మించినవాళ్ళు లేరు. ఇంటర్ జువాలజీ పుస్తకం నేను డిగ్రీలో కూడా అంత గట్టిగా చదవలేదు.

బాటనీ సారు గురించి విడిగా చెప్పాలి. పుష్పం పాఠం రోజు ఆయన రెండు గోనె సంచుల నిండా మందార పూలు తెప్పించారు. ఊళ్ళో ఏ ఇంటి పెరడూ మిగిలినట్టు లేదు! ఇద్దరికొక పువ్వు, సగానికి విరిచిన బ్లేడు ఒకటి. నోట్స్ మూసేయమన్నారు. ఆకర్షణ పత్రాలు తీసేస్తే మధ్యలో గొట్టం, ఆ గొట్టం చుట్టూ కేసరాలు, అన్నిటి కాడలూ అతుక్కుపోయి ఒకే గొట్టమైపోయాయి. "దీన్నే కదా మీరు ఏకబంధకం అని పదేళ్ళ నుంచి బట్టీ కొడుతున్నారు" అన్నారు. గొట్టాన్ని నిలువుగా చీలిస్తే లోపల సన్నటి కీలం, కింద అండాశయం. దాన్ని అడ్డంగా కోయమన్నారు. నా చేతిలో మొదటిది నలిగిపోయింది, రెండోది సరిగ్గా తెగింది. కంటికి సరిగ్గా కనపడకపోతే చెల్లి ఫోన్ కెమెరా జూమ్ చేసింది. ఐదు గదులు, మధ్య స్తంభానికి అంటుకుని తెల్లటి చుక్కల్లా అండాలు. స్తంభ అండన్యాసం! డిగ్రీ రికార్డులో నేను ఈ బొమ్మ మూడుసార్లు వేశాను, మూడుసార్లూ పక్కమ్మాయి రికార్డు చూసి వేశాను. ఆ రోజు తర్వాత ఆ పేజీ నేను మళ్ళీ తిప్పలేదు.

అలాంటి క్లాసు నాలుగు నెలల్లో ఒక్కటే జరిగింది. సిలబస్ అయిపోవట్లేదని మేనేజ్‌మెంట్ ఆయన మీద విసుక్కున్నారని తర్వాత తెలిసింది.

ఇక మెథడాలజీ. సైన్స్ ఎలా చెప్పాలో చెప్పే సబ్జెక్టు ఇది. దీన్ని చెప్పిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాదు. సూక్ష్మ బోధన (చిన్న పాఠం చెప్పి, లోపాలు విని, దిద్దుకుని మళ్ళీ చెప్పడం) రోజున సారు మైకు పట్టుకుని హాలంతటితో పాడించారు: ఆరు, ఆరు, పన్నెండు, ఆరు, ఆరు. బోధన 6 నిమిషాలు, పరిపుష్టి (ఫీడ్‌బ్యాక్) 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, మళ్ళీ పరిపుష్టి 6, మొత్తం 36. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మూడు వందల మందిలో ఒక్కరిని కూడా లేపి ఆ ఆరు నిమిషాలు పాఠం చెప్పించలేదు. ఏది ఎవరిదో కూడా బట్టీయే: అన్వేషణ పద్ధతి ఆర్మ్‌స్ట్రాంగ్, ప్రాజెక్టు పద్ధతి కిల్‌పాట్రిక్, అనుభవాల శంకువు ఎడ్గార్ డేల్. చేత్తో చేసే అనుభవాన్నే అన్నిటికీ అడుగున పునాదిగా పెట్టిన ఆ శంకువును కూడా మేము వినడం ద్వారానే నేర్చుకున్నాం.

వాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేను. డీఎస్సీలో అడిగేది బిట్టు, వాళ్ళు అమ్మేదీ బిట్టే. పాఠం చెప్పడం నేర్పాల్సింది బీఈడీలో. నా బీఈడీ సంగతి అడగొద్దు. రెండేళ్ళ కోర్సు, సగం బ్యాచ్ నాన్ అటెండింగ్. పాఠ్యపథకాల రికార్డులు కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపులో రాసినవే దొరికేవి, పేరు మార్చుకుంటే చాలు. ఇంటర్న్‌షిప్‌కు నేను నిజంగానే రోజూ వెళ్ళాను, కానీ ఆ బడిలో నాకు అప్పగించింది ఎక్కువగా ఆబ్సెంట్ టీచర్ల పీరియడ్లలో పిల్లల్ని చప్పుడు చేయకుండా కూర్చోబెట్టే పని.

దీని ఫలితం డిసెంబరులో నా క్లాసులోనే కనపడింది. పదో తరగతి, జీవక్రియలు. కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డయాక్సైడ్ కావాలని చూపించాలి. పుస్తకంలో రెండు కుండీలు, రెండు గంటజాడీల ప్రయోగం ఉంది. మా ల్యాబులో గంటజాడీ ఒక్కటీ లేదు. సరే, ఆకులో సగం సీసా లోపల, సగం బయట ఉంచే మోల్ అర్ధపత్ర ప్రయోగం చేద్దాం అనుకున్నాను. అవనిగడ్డలో గ్రాండ్ టెస్టుల్లో ఈ ప్రయోగం మీద కనీసం పది బిట్లు పెట్టి ఉంటారు, ఒక్కటి కూడా తప్పలేదు నేను. సీసాలో కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ఎందుకు? కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడానికి. మొక్కను ముందు చీకట్లో ఎందుకు ఉంచాలి? ఆకులో ఉన్న పిండిపదార్థం పోవడానికి. అర నిమిషం కూడా పట్టదు.

చేస్తే ఏమైందంటే: కుండీని ఒక రాత్రి స్టోర్ రూములో పెట్టించాను. కేఓహెచ్ సీసా మూత ఎప్పటినుంచో సరిగ్గా లేదేమో, బిళ్ళలన్నీ గడ్డకట్టి ఉన్నాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీశాం. వెడల్పు మూతి సీసా కోసం మధ్యాహ్న భోజనం వండే అక్కను ఊరగాయ సీసా అడిగాను. బెరడు బిరడాను సగానికి కోసి, మధ్యలో ఆకు పెట్టి, సందులకు వాజలిన్ పూసి మూడు గంటలు ఎండలో ఉంచాం. మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెప్పించి, గిన్నెలో వేడినీళ్ళు, అందులో స్టీలు గ్లాసు, గ్లాసులో స్పిరిట్, స్పిరిట్‌లో ఆకు. పచ్చదనం మెల్లగా దిగి ఆకు తెల్లగా కాగితంలా అయ్యేసరికి పిల్లలు బెంచీలెక్కారు. వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, అయోడిన్ చుక్కలు వేశాను. పిండిపదార్థం ఉన్నచోటే నల్లబడాలి, అంటే బయట ఉన్న సగమే.

ఆకు మొత్తం నల్లబడింది. సీసాలో ఉన్న సగం, బయట ఉన్న సగం, తేడా లేదు.

"మేడం, సీసాలో ఉన్నదానికి రాకూడదన్నారు కదా" అంది ముందు బెంచీ అమ్మాయి. ఇంకొకడు "కేఓహెచ్ ఎక్స్‌పైరీ అయిపోయింటుంది మేడం" అన్నాడు. వాడన్నది నిజమే కావచ్చు. లేదా ఒక్క రాత్రి చీకటి చాలలేదు కావచ్చు. ఎందుకు చీకట్లో ఉంచాలని బిట్టు అడిగారు గానీ, ఎన్నాళ్ళు ఉంచాలని ఏ టెస్టులోనూ అడగలేదు నన్ను. సాయంత్రం చూస్తే పాఠ్యపుస్తకంలోనే ఉంది, మూడు రోజులని. పక్క పేజీలో ఇంగ్లీషులో కూడా ఉంది. మరుసటి వారం కొత్త కేఓహెచ్ కొని, మూడు రోజులు బీరువాలో పెట్టి చేస్తే వచ్చింది. పూర్తిగా కాదు, బిరడా దగ్గర కొంచెం నీలం మిగిలింది. పిల్లలకు మాత్రం మొదటిసారి చెడిపోయిన ఆకే బాగా గుర్తుంది.

మళ్ళీ కోచింగ్ దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఒక స్టార్ మెథడాలజీ దగ్గర పోతే, ఇంకో స్టార్ పోయింది డబ్బు దగ్గర. చేరేటప్పుడు కౌంటర్‌లో "నోటిఫికేషన్ వచ్చి పరీక్ష అయ్యేదాకా మీ బాధ్యత మాది" అన్నారు. అక్టోబరులో టెట్ అయింది, నవంబరులో ఫలితాలు వచ్చాయి, డీఎస్సీ నోటిఫికేషన్ మాత్రం రాలేదు. నాలుగు నెలలు నిండగానే హాలులోకి రావాలంటే ఇంకో 6,000 కట్టాలన్నారు. అప్పుడు చెప్పారు కదా అంటే, "రసీదు మీద రాసి ఉందా అమ్మా?" అన్నాడు కౌంటర్ అబ్బాయి. లేదు. నేను పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాను. నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్ 20న. అంటే ఉండిపోయిన వాళ్ళు ఇంకో ఐదు నెలలు హాస్టల్ ఫీజు కట్టారు. ఇంటి దగ్గర పాప పడుకున్నాక రాత్రి పదకొండు వరకు అదే మెటీరియల్ తిరగేశాను. నిజం చెప్పాలంటే నా మార్కులు పెరిగింది ఆ ఐదు నెలల్లోనే.

ఇంకో చిన్న సంగతి. అసలు పరీక్ష కంప్యూటర్ మీద. వాళ్ళు పెట్టిన గ్రాండ్ టెస్టులన్నీ ఓఎంఆర్ కాగితం మీద. కాగితం మీద అండర్‌లైన్ గీసుకుంటూ చదివే అలవాటున్న నాకు తెర మీద మొదటి ఇరవై నిమిషాలు చేతులాడలేదు. మీరు ఎక్కడ చేరినా సరే, ఏదో ఒక ఆన్‌లైన్ టెస్టు సిరీస్ విడిగా తీసుకోండి.

బయాలజీ వాళ్ళకు టెట్ గురించి కూడా ఒక మాట. పేపర్ 2ఏలో మనకు లెక్కలు కూడా ఉంటాయి. ఈ సెంటర్‌లో లెక్కల సారు మ్యాథ్స్ వాళ్ళ వేగంతో పోతారు, మనల్ని చూసి ఆగరు. నేను తొమ్మిదో తరగతి పుస్తకం పట్టుకుని సొంతంగా చేసుకున్నాను.

హాస్టల్ పర్వాలేదు. అన్నం, పప్పుచారు, వేపుడు, మజ్జిగ. సంగటి లేని నాలుగు నెలలు ఎలా గడిచాయో మా సీమవాళ్ళకే తెలుస్తుంది. దోమలు మాత్రం చెప్పలేను. సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు క్లాసులు ఆపేశారు. అత్త గంటకోసారి ఫోన్. హాస్టల్ ఓనరు మామ్మ మాత్రం మెట్ల మీద కూర్చుని మాకు 1977 ఉప్పెన కథ చెప్తూ, ఇది ఏపాటి నీళ్ళే అమ్మాయిలూ అంటూ చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. దివిసీమ మనుషులు మంచివాళ్ళు. ఆ రెండు రోజులూ మాకు టీలు ఉచితం.

ఎవరు వెళ్ళాలి? డిగ్రీ అయి చాలా ఏళ్ళయి, పుస్తకం పట్టుకుంటే నిద్ర వచ్చేవాళ్ళు వెళ్ళండి. అక్కడ చుట్టూ మూడు వందల మంది చదువుతుంటే సిగ్గుతోనైనా చదువుతాం. ఇంట్లో పనుల మధ్య గంట కూడా దొరకని ఆడవాళ్ళకు కూడా ఉపయోగమే, ఆ నాలుగు నెలలు గ్యాస్ పొయ్యి ముట్టుకోకపోవడమే సగం కోచింగ్. ఇప్పటికే బడిలో చెప్తూ, సబ్జెక్టు చేతిలో ఉన్నవాళ్ళకు 40 వేలు దండగ. పాత ప్రశ్నపత్రాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, ఒక టెస్టు సిరీస్ చాలు.

వెళ్ళేవాళ్ళు డబ్బంతా ఒకేసారి కట్టకండి, రెండు విడతలంటే ఒప్పుకుంటారు. పరీక్ష దాకా అని వాళ్ళు నోటితో అంటే అదే మాట రసీదు మీద రాయించుకుని ఫోటో తీసుకోండి. బాటనీ ఎవరు చెప్తున్నారో అడగండి, ఆ సారు ఇప్పుడు వేరే సెంటర్‌కు మారారని విన్నాను. దోమతెర ఇంటి నుంచే తీసుకెళ్ళండి, అక్కడ సీజన్‌లో రేటు రెట్టింపు చెప్తారు.