సూర్యాపేటలో ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్: బంకు మేలా, హోటలు మేలా?

ఎలక్ట్రిక్ కారు కొత్తగా కొన్నవారు విజయవాడ ప్రయాణం పెట్టుకోగానే అడిగే ప్రశ్న, సూర్యాపేటలో ఎక్కడ ఛార్జింగ్ పెట్టుకోవాలని. 65వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్‌కూ విజయవాడకూ ఇంచుమించు నడుమ ఉన్న ఊరు కనుక, నిండు ఛార్జింగ్‌తో 200 కిలోమీటర్లు మాత్రమే నడిచే కార్లు అక్కడో ఆ చుట్టుపక్కలో ఆగక తప్పదు.

చాలామంది మొదట చూసేది ఛార్జింగ్ యంత్రం మీద రాసి ఉన్న కిలోవాట్లను, అంటే అది ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదన్న లెక్కను. నిజానికి బంకుకూ హోటలుకూ మధ్య తేడాను అవి తేల్చలేవు. రెండు గన్‌లు (కారుకు తగిలించే ప్లగ్గులు) ఉన్న 60 కిలోవాట్ల యంత్రానికి రెండు కార్లు తగిలిస్తే సాధారణంగా ఒక్కోదానికి 30 కిలోవాట్లే అందుతాయి; టియాగో వంటి చిన్న కారైతే ఎంత పెద్ద యంత్రానికి తగిలించినా 10 నుంచి 80 శాతానికి చేరడానికి దాదాపు గంట తీసుకుంటుంది. 80 శాతం దాటాక ఏ కారుకైనా ఛార్జింగ్ నెమ్మదిస్తుంది.

నా దృష్టిలో అసలు చూడవలసింది, యంత్రం ఆగిపోతే నష్టపోయేది ఎవరన్నది. 2023లో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే ఫేమ్-2 పథకం కింద మూడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలకు 7,432 ఛార్జింగ్ కేంద్రాల కోసం 800 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. చిన్న పట్టణాల బంకుల్లో సైతం గన్‌లు కనిపించడానికి అదొక ముఖ్య కారణం. అయితే బంకు యజమాని ఆదాయం పెట్రోలు, డీజిల్ అమ్మకాల మీద ఆధారపడినది. తెర మీద ఎర్ర దీపం వెలిగితే అక్కడి కుర్రవాడు గోడ మీది ఫోన్ నంబరు చూపిస్తాడు తప్ప చేయగలిగింది ఉండదు, అందుకు అతణ్ణి తప్పుపట్టనూ లేము. హోటలు సంగతి వేరు. నలభై నిమిషాలు ఆగిన కుటుంబం టిఫిను, కాఫీ తీసుకోకుండా కదలదు కనుక, గన్ పనిచేయని రోజున గల్లాపెట్టెకే లోటు. యంత్రం ముందు పెట్రోలు కారు నిలిపినవారిని లేపి పంపడం, యంత్రాన్ని నడిపే సంస్థకు తానే ఫోన్ చేసి తగువుపడటం అటువంటి యజమానికి అవసరమవుతుంది. హోటళ్లన్నీ ఇలా ఉంటాయని కాదు; స్థలం అద్దెకిచ్చి చేతులు దులుపుకున్న చోట బంకుకూ దానికీ భేదం లేదు. ఆ తేడా తెలుసుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు సూర్యాపేటకు ముందు తగిలే నకిరేకల్ చేరేలోపు హోటలుకు ఒక ఫోన్ చేస్తే చాలు: గన్ పనిచేస్తోందా అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పగలిగిన చోటికే వెళ్లడం మంచిది. ఛార్జింగ్ యాప్‌లో గన్ ఖాళీగా ఉన్నట్టు చూపడం మీద కన్నా నాకు ఆ జవాబు మీదే నమ్మకం ఎక్కువ.

బంకుకు ఉన్న గట్టి సుగుణం రాత్రివేళ. హోటలు కట్టేసిన తరువాత కూడా వెలుతురూ మనుషులూ ఉండేది అక్కడే కనుక, అర్ధరాత్రి ప్రయాణాలకు నేనూ బంకునే ఎంచుకుంటాను. ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. రెండు చోట్లా బిల్లుపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది.

రాత్రి ఊళ్లోనే బస చేసేవారికి లాడ్జిలోని 15 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. గంటకు సుమారు మూడు యూనిట్లు ఎక్కుతాయి కనుక 30 యూనిట్ల బ్యాటరీ తెల్లవారేసరికి నిండుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో వచ్చిన కేబుల్ పనిచేయదు కాబట్టి, గది తీసుకోకముందే తగిలించి చూసుకోవాలి. కరెంటు బిల్లుకు భయపడే యజమానితో యూనిట్‌కు ఇంత అని ముందే మాట్లాడుకుంటే పేచీ ఉండదు. పన్నెండు రూపాయల లెక్కన 25 యూనిట్లకు అయ్యేది 300 రూపాయలు.

కార్ల షోరూముల ఛార్జర్లు పని వేళల్లో, అదీ వారి కంపెనీ కార్లకైతే అడిగి చూడవచ్చు. బ్యాటరీ మార్పిడి కేంద్రాలు ఆటోలకూ స్కూటర్లకూ ఉద్దేశించినవి.

ఎక్కడ ఆగదలచినా, సూర్యాపేట చేరేసరికి విజయవాడ దారిలో తరువాత వచ్చే కోదాడ దాకా వెళ్లగలిగినంత, అంటే మరో 45 కిలోమీటర్లకు సరిపడా ఛార్జింగ్ మిగిలేలా బయలుదేరాలి.