డబ్బా టీవీకి గేమింగ్ పీసీ: రెండేళ్లు ఆడాక

మా పైగదిలో 21 అంగుళాల డబ్బా టీవీ ఒకటుంది. 2004లో నాన్న కొన్నది. పాతసామాన్ల వాడికి వేసేద్దామని అమ్మ ఏటా అంటుంది. కిందికి దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి కాబట్టి ఏటా వాయిదా పడుతుంది. రెండేళ్ల కిందట దాన్ని నా గేమింగ్ పీసీకి కలిపాను. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం దాని ముందే.

ముందు నేను బోల్తాపడ్డ సంగతి చెప్తాను. టీవీకి ఉన్నవి పసుపు, తెలుపు ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్లు రెండే. నా గ్రాఫిక్స్ కార్డుకేమో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ తప్ప ఇంకోటి లేదు. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర మూడు రంగుల పిన్నులున్న వైరు కొట్లో కనిపిస్తే ఎగిరి గంతేసి కొన్నాను. బొమ్మ రాలేదు. రాదు కూడా. కార్డు పంపేది డిజిటల్, టీవీకి తెలిసింది అనలాగ్. మధ్యలో మార్చే చిప్పు లేని ఉత్త వైరు ఏం చేస్తుంది పాపం! కావలసింది అరచేతిలో పట్టే కన్వర్టర్ డబ్బీ. అందులోనూ రెండు రకాలున్నాయి, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఒకటి ఏవీని హెచ్‌డీఎంఐగా మారుస్తుంది, అది మనకు పనికిరాదు. హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కన ఇన్‌పుట్ అని రాసి ఉందో లేదో చూసి మరీ కొనండి.

డబ్బీకి కరెంటు యూఎస్‌బీ నుంచి ఇవ్వాలి. పీసీ ముందున్న పోర్టుకు పెడితే నాకు గంటకోసారి బొమ్మ పోయేది. పాత ఫోన్ చార్జర్‌కు మార్చాక మళ్లీ ఆ బాధ లేదు.

మొదటిరోజు డెస్క్‌టాప్ చూసి ఉసూరుమన్నాను. ఐకాన్ల కింద పేర్లు చీమల బారుల్లా ఉన్నాయి, టాస్క్‌బార్ స్క్రీను అంచు కిందికి వెళ్లిపోయింది. ఈ టీవీలు బొమ్మ అంచుల్ని కాస్త మింగేస్తాయి. గ్రాఫిక్స్ డ్రైవర్లో డెస్క్‌టాప్ సైజు తగ్గిస్తే గడియారం కనిపించింది. అక్షరాలకు మాత్రం మందు లేదు. చదివే పని ఏదైనా మానిటర్ మీదే చేసుకుని, గేమ్ మొదలయ్యాక ఇటు తిరుగుతాను.

నన్ను ఆరు నెలలు సతాయించింది వేరే. డబ్బీ పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్చు ఉంటుంది. అవి దేశాన్ని బట్టి మారే పాత టీవీ ప్రసార పద్ధతులు. మన దేశంలో వాడింది పాల్: 625 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు (గీత విడిచి గీతగా వేసే సగం బొమ్మలు). అందుకని స్విచ్చు అటే పెట్టాను. కారు నడుపుతుంటే రోడ్డు పక్క చెట్లు ఎక్కిళ్లు పెడుతున్నట్టు కదిలేవి. గేమ్‌ను తిట్టుకున్నాను, గ్రాఫిక్స్ తగ్గించాను, ఏకంగా విండోస్ మళ్లీ ఎక్కించాను. అసలు సంగతేమిటంటే, పీసీ సెకనుకు 60 ఫ్రేములు పంపుతోంది, డబ్బీ 50కి సరిపెట్టడానికి ఆరింటికొకటి పారేస్తోంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ పెట్టగానే ఎక్కిళ్లు ఆగిపోయాయి. ఆ రోజు నా మీద నాకే నవ్వొచ్చింది.

తర్వాత స్విచ్చు ఎన్‌టీఎస్‌సీ వైపు తిప్పి చూశాను. మా టీవీ దాన్నీ పట్టింది. పట్టని టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, లేదా దొర్లుతుంది. ఇప్పుడు పాత గేములకు నా సెట్టింగ్ ఇదే: ఎన్‌టీఎస్‌సీ, 60 హెర్ట్జ్, 640×480. ఈ రిజల్యూషన్ విండోస్ మామూలు జాబితాలో కనిపించకపోతే, డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో అన్ని మోడ్లూ చూపించే బటన్ నొక్కాలి. ఇంకో లాభం కూడా ఉంది. 1080 పెడితే వెడల్పు బొమ్మ నలుచదరపు స్క్రీనులో ఇరుక్కుని మనుషులంతా ములక్కాడల్లా సాగేవారు, ఇప్పుడు మామూలుగా ఉన్నారు.

జీటీఏ వైస్ సిటీ 2002లో వచ్చిన గేమ్. నెట్ సెంటర్లో గంటకింత అని డబ్బులిచ్చి ఆడిన బ్యాచ్ మాది. మానిటర్ మీద అందులో కార్ల అంచులు రంపం పళ్లలా కనిపిస్తాయి. ఇక్కడ అవన్నీ మెత్తబడి, రాత్రిపూట నియాన్ బోర్డుల ఎరుపు పక్కకు కాస్త కారినట్టు ఉంటుంది. నాకు అదే ఇష్టం. కొత్త గేములు మాత్రం దీని మీద దండగ. మ్యాపులో గుర్తులు తెలియవు, ఎన్ని తూటాలు మిగిలాయో తెలియదు, కథంతా ఉత్తరాల్లో చెప్పే గేమ్ అయితే ఇక అంతే సంగతులు. గురిచూసి ఎగరాల్సిన చోట్ల బటన్ నొక్కాక పిసరంత ఆలస్యం తెలుస్తుంది. అది డబ్బీ పుణ్యమే.

సౌండు విషయంలో ఒక తమాషా జరిగింది. మా టీవీకి తెల్ల సాకెట్ ఒక్కటే, అంటే ఎడమవైపు శబ్దం మాత్రమే. కుడివైపు నుంచి వచ్చినవాడి అడుగుల చప్పుడే వినిపించక చాలాసార్లు చచ్చాను. విండోస్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండు వైపులవీ కలిసి వస్తాయి.

మంచి ఎల్‌ఈడీ ఉండగా ఇదంతా ఎందుకంటే, పాత గేములు ఆడేవాళ్లకైతే ఆ డబ్బీ మీద పెట్టిన నాలుగొందల యాభై గిట్టుబాటే. మిగతావాళ్లు జోలికి పోవద్దు. ఏం చేసినా టీవీ వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, పదేళ్లవాడు, మొదటిరోజే చెవులు మూసుకున్నాడు. ఈ టీవీలు 15 వేల హెర్ట్జ్ పైన సన్నగా కూస్తాయి. పిల్లలకు వినిపిస్తుంది, నా వయసుకు వినిపించదు. మొన్న రాత్రి పీసీ ఆపేసి కిందికి వచ్చి పడుకోబోతుంటే, మంచినీళ్లకు లేచినవాడు మెట్ల దగ్గర ఆగి పైకి చూశాడు.

"మామయ్యా, టీవీ కట్టెయ్యలేదు నువ్వు."

వెళ్లి చూస్తే స్క్రీను నల్లగానే ఉంది. చెయ్యి దగ్గర పెడితే వెంట్రుకలు లేచాయి.