ఆర్మీ జిప్సీయా, పాత మహీంద్రా పికప్పా? మా కొండ దారులకి ఏది మేలు

దసరా వెళ్ళిన దగ్గర్నుంచి కొట్టుకి వచ్చినోళ్ళలో సగం మంది ఇదే అడుగుతున్నారు. "అన్నియ్యా, ఆర్మీ వేలంలోంచి వచ్చిన జిప్సీ ఒకటి అమ్మకానికి ఉంది, అదే రేటుకి పాత బొలేరో పికప్ కూడా దొరుకుతోంది, ఏది తీసుకోమంటారు?" అని. గుమ్మ, సెరంగో వైపు జీడిపిక్కలు కొనేవాళ్ళు అడుగుతున్నారు, కాశీనగర్ రైతులు అడుగుతున్నారు, మొన్న పాతపట్నం నుంచి ఒక చిన్న కాంట్రాక్టరు గారు పనిగట్టుకుని వచ్చి మరీ అడిగారు. ఒక్కొక్కరికీ నిలబెట్టి చెప్పే కన్నా ఒకసారి రాసి పెట్టేస్తే అందరికీ పనికొస్తాదని రాస్తున్నాను. మాది ఆంధ్రా సరిహద్దులో ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో స్పేర్ పార్ట్స్ కొట్టు, నాన్నగారి రోజుల నుంచి ఉంది, రెండు బళ్ళకీ సామాను అమ్ముతాను కాబట్టి ఒకదాని తరఫున మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు.

ముందు జిప్సీ సంగతి. దాని పేరు ఉత్తినే రాలేదు, అది ఒప్పుకోవాల. 1985 డిసెంబర్లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది, 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చింది, 2000లో ఎంపీఎఫ్ఐ, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు కొట్టేది అయింది. బండి బరువు టన్ను లోపే, ముందూ వెనకా కమాన్ పట్టీలు, లో గేరు వేసి ఫోర్ వీల్ పెట్టామంటే ఎర్రమట్టి జారుడులో పెద్ద పెద్ద బళ్ళు చక్రం తిప్పుకుంటూ ఉన్నచోటే ఉండిపోతే ఇది మెల్లగా ఎక్కిపోతాది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశాక కూడా ఆర్మీకి తయారుచేసి ఇచ్చారంటే ఎంత నమ్మకమో చూడండి. దాని ప్లేసులోకి 2017లో 3,192 సఫారీ స్టార్మ్‌లకి ఆర్డరు ఇచ్చారు, 500 కిలోల లోడు మోసే తరగతి పోయి 800 కిలోలు మోసే తరగతి కావాలని, అయినా జిప్సీని వదల్లేకపోయారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే సంగతి చెప్తాను, ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. మా పెద్ద మావయ్య ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, సిక్కోలు వైపు ఊరికి ఎంత మంది ఫౌజీలుంటారో మీకు తెలిసిందే. ఆయన బండి గురించి మాట్లాడితే ఇంజన్ గురించి మాట్లాడరు, పరేడ్ గురించి మాట్లాడతారు. పొద్దున్నే బండి తియ్యకముందు ఫస్ట్ పరేడ్, అంటే ఇంజన్ ఆయిలు, రేడియేటర్ నీళ్ళు, బెల్టు, టైర్లలో గాలి, చక్రాల నట్లు, బ్రేకు, లైట్లు అన్నీ చేత్తో ముట్టుకుని చూడాల. దారిలో ఆగితే హాల్ట్ పరేడ్, దిగీ దిగగానే చక్రాల హబ్బుల మీద అరచెయ్యి పెట్టి ఏది ఎక్కువ కాలుతోందో చూడాల, ఒకటి కాలి మూడు చల్లగా ఉన్నాయంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేస్తున్నట్టు. సాయంత్రం లాస్ట్ పరేడ్. ప్రతి కిలోమీటరూ, పోసిన ప్రతి లీటరూ కార్ డైరీలో ఎక్కాల. దానికి పైన యూనిట్ వర్క్‌షాపు, ఆ పైన ఆర్మీ బళ్ళ రిపేర్లు చూసే ఈఎంఈ వాళ్ళు, అదే మన సికింద్రాబాద్‌లో పెద్ద కాలేజీ ఉందే ఆ కోర్ వాళ్ళు, 1943 నుంచి వాళ్ళ పనే ఇది.

అంటే ఆర్మీ జిప్సీ ఆగదు అన్న పేరు బండీ, దాని వెనక ఉన్న ఇంతమందీ కలిసి తెచ్చుకున్న పేరు. వేలంలో మన చేతికి వచ్చేది బండి ఒక్కటే. అది కూడా ఉన్నది ఉన్నట్టుగా అన్న షరతు మీద అమ్ముతారు, పైగా వాళ్ళు దాన్ని ఎందుకు తీసేస్తున్నారు అనేది ఆలోచించాల కదా, ఇక దీన్ని రిపేరు చేసి నడపడం దండగ అని లెక్క తేలాకే అది వేలానికి వస్తాది.

పికప్ పేరు అలా రాలేదు. అది మనలాంటోళ్ళ చేతుల్లోనే వచ్చింది, అందుకే నాకు దాని మీద ఎక్కువ నమ్మకం. టన్ను వెయ్యమంటే టన్నున్నర వేస్తాం, ఆయిలు నెల తప్పించి మారుస్తాం, మహేంద్రతనయ ఏరు పొంగినప్పుడు నీళ్ళలోంచి లాగించేస్తాం, డ్రైవరు కాని పిల్లోడి చేతికి కూడా తాళాలిచ్చేస్తాం. ఇన్ని చేసినా పొద్దున్నే సెల్ఫు కొడితే స్టార్టయ్యి సంతకి పోతోంది కాబట్టే దానికి పేరొచ్చింది. మనం రేపు బండిని ఎలా వాడతామో అలా వాడగా వచ్చిన పేరు అది. ఆర్మీ వాడకంలో వచ్చిన పేరుని నమ్ముకుని కొని మన వాడకం వాడితే ఏటవుతాదో నా కొట్టుకి వచ్చే జిప్సీ ఓనర్లని చూస్తే తెలుస్తాది, బండి మంచిదే, కానీ నెలకోసారి ఏదో ఒక సామాను కోసం వైజాగ్‌కి ఫోన్ చెయ్యమంటారు.

పికప్ అంటే నేను చెప్పేది పాత డీఐ, 2523 సీసీ, మెకానికల్ పంపుది. కొత్త కామన్ రైల్ బళ్ళలో డీజిల్ కొట్టేది కంప్యూటరు, వాటి లెక్క వేరు, తప్పు పట్టడానికి స్కానర్ కావాల. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 4 పొగ నియమం వచ్చింది, అంతకు ముందు బీఎస్ 3 బళ్ళలోనే మీకు ఈ ఇంజన్ దొరుకుతాది, బోనెట్ ఎత్తి పంపు చూసుకునే కొనండి. ఆర్. ఉదయగిరి ఘాట్‌లో పికప్ ఒకటి పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది అనుకోండి, నూటికి ఎనభై సార్లు డీజిల్ ఫిల్టర్ మూసుకుపోవడమో ఎక్కడో గాలి పట్టడమో. ఫిల్టర్ మార్చి, పైనున్న బ్లీడింగ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్‌ని బొటనవేలితో కొడుతూ ఉంటే ముందు నురగ వస్తాది, తర్వాత బుడగలు, తర్వాత గాలి లేని సన్నటి డీజిల్ ధార వస్తాది, అప్పుడు స్క్రూ బిగించి సెల్ఫు కొడితే రెండు మూడు దగ్గులు దగ్గి అందుకుంటాది. పది నెంబరు స్పానరు, గుడ్డ ముక్క, ఒక ఫిల్టరు. ఈ పని మా వీధి షెడ్డులో పదిహేనేళ్ళ హెల్పర్ కుర్రాడికి వచ్చు, మోహనలో వచ్చు, గుణుపురంలో వచ్చు, కొండ మీద సంతలో ట్రాక్టరు తోలే సవర కుర్రాడికి కూడా వచ్చు.

అదే ఎంపీఎఫ్ఐ జిప్సీలో ట్యాంకులో ఉన్న ఫ్యూయల్ పంపు పోయిందనుకోండి, అది చెప్పి పోదు. అప్పటిదాకా బ్రహ్మాండంగా నడుస్తూ ఉన్నట్టుండి ఆగుతాది, పంపు వచ్చేదాకా బండి అక్కడే. ఇంజన్ సామాను వరకూ పర్లేదు, 1.3 ఇంజన్ ఎస్టీమ్‌తో దగ్గర చుట్టం కాబట్టి బరంపురంలోనో శ్రీకాకుళంలోనో దొరికేస్తాది. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి జోరు పంచే పెట్టె), ముందు హబ్బులు, కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకి తిరిగే చోటివి) అంటేనే తిప్పలు, నేను వైజాగ్‌లో అడగాల, అక్కడ లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి పార్సిల్ రావాల. ఇంకో మాట, ఇప్పుడు పెట్రోల్ దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిపిందే, పాత కార్బొరేటర్ జిప్సీల్లో రబ్బరు పైపులు, వాషర్లు దానికి తట్టుకునేవి కావు, కొనగానే అవన్నీ మార్చేయండి, పెట్రోలు వాసన వచ్చాక చూద్దాంలే అని ఉండొద్దు.

ఇంక లోడు. మా దగ్గర జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. జిప్సీ అర టన్ను బండి, డ్రైవర్ని కూడా లెక్కేస్తే 5 బస్తాలకి మించకూడదు. పికప్ మోడల్ని బట్టి టన్ను, టన్నుంపావు, అంటే 12 బస్తాలు మర్యాదగా వెళ్తాయి. పలాస దాకా ఒక్క ట్రిప్పులో తేలే పనికి జిప్సీతో మూడు ట్రిప్పులు, అదీ పెట్రోలు పోసుకుని.

మరి జిప్సీ ఎవరికి? ఉంది, కొందరికి అదే కరెక్టు, వాళ్ళని నేను పికప్ కొనమని చెప్పను. మహేంద్రగిరి వైపు వానాకాలం మూడు నెలలూ రోడ్డు కొట్టుకుపోయే ఊళ్ళున్నాయి, అక్కడికి మందులు తీసుకెళ్ళే వాళ్ళు, సర్వే పనుల మీద తిరిగే వాళ్ళు, నలుగురు మనుషులూ రెండు మూటలూ వెళ్తే చాలనుకునే వాళ్ళు జిప్సీయే తీసుకోండి. టూ వీల్ పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు ఉండదు కాబట్టి తడి ఎత్తు మీద చక్రాలు తేలికగా జారిపోతాయి, నాలుగు బస్తాల ఇసుక వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. బొలేరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ కూడా ఉంది, పాతది మంచి కండిషన్‌లో దొరికితే రెండు గొడవలూ తీరిపోతాయి, కానీ చాలా వాటిలో ముందు చక్రాలని తిప్పే షాఫ్టు తీసేసి పక్కన పడేసి ఉంటారు, కిందకి దూరి చూడందే మాట ఇవ్వొద్దు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇవి చెయ్యండి. జిప్సీకి ముందు చక్రం జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. టక్ టక్ అని ఆడిందంటే కింగ్‌పిన్ బేరింగో వీల్ బేరింగో అయిపోయింది, అరవై స్పీడులో స్టీరింగు చేతుల్లో వణుకుతాదే, అది చాలా వరకూ ఇక్కడి నుంచే. ఇంకోటి తుప్పు. ఆకుపచ్చ పెయింటు మందంగా కొట్టి ఉంటాది, కంటికి ఏమీ కనపడదు, చిన్న సుత్తితో చాసిస్ వెనక భాగంలో కమాన్ హ్యాంగర్ల దగ్గర మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖణేల్ మంటాది, తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతాది. పికప్ అయితే ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ క్యాప్ తీసి చూడండి, కొద్దిగా ఆవిరి మామూలే, గప్ గప్ మని పొగ కొడుతూ ఉంటే రింగులు అరిగిపోయాయి, ఇంజన్ పనికి డబ్బు పక్కన పెట్టుకుని బేరం ఆడండి. వెనక చాసిస్ మీద వెల్డింగ్ అతుకులు చూడండి, అతుకు ఉందంటే ఓవర్‌లోడు వేసి విరగ్గొట్టినట్టే, అలాంటిది ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

టాటా 207 డీఐ పికప్ గురించి కూడా అడుగుతున్నారు. మంచి బండే, 2956 సీసీ, 407 ఇంజన్ కుటుంబమే కాబట్టి లారీ షెడ్డులో ఎవడైనా చేసేస్తాడు, లోడు మహీంద్రా కన్నా కూడా నిబ్బరంగా మోస్తాది. ప్లెయిన్ రోడ్డు మీద టెక్కలి, నరసన్నపేట వైపు తిరిగేవాళ్ళకి అది సరిపోతాది. మా ఘాట్లలో మలుపులకి, ఊరి సందుల్లో తిప్పడానికి నాకు మహీంద్రాయే చులాగ్గా అనిపిస్తాది, అంతే తేడా.

ఆర్మీ మహీంద్రా 550 జీపులు అప్పుడప్పుడు వస్తున్నాయి, ప్యూజో డీజిల్ ఇంజన్‌వి. బాడీ కింద సామాను చాలా వరకు దొరుకుతాది, ఇంజన్ సామాను తగ్గిపోతోంది, ఇంజన్ బాగుంటేనే చూడండి. జొంగా, అదీ ఆర్మీ పాత జీపే, పని కోసం అయితే వద్దే వద్దు. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారైన గొప్ప బండి, ఆరు సిలిండర్ల 3956 సీసీ పెట్రోల్ ఇంజన్, ధోనీ గారు రాంచీలో ఒకటి ఉంచుకున్నారు, కానీ 1999లో తయారీ ఆగిపోయింది, పెట్రోలు పొయ్యలేం. డీజిల్ ఇంజన్ ఎక్కించేద్దాం అంటారు, ఆర్టీవో పర్మిషన్ లేకుండా ఇంజన్ మారిస్తే మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇబ్బంది. టయోటా హైలక్స్ వీడియోలు పంపించి ఇది ఎలా ఉంటాది అని అడిగేవాళ్ళకి, మన దేశంలో అది 2022లో వచ్చింది, పాతది చవగ్గా దొరికే రోజులు ఇంకా రాలేదు.

ఆఖరుగా కాగితాలు, మన సరిహద్దు వాళ్ళకి ఇది మిగతావాళ్ళ కన్నా ఎక్కువ అవసరం. ఆర్మీ బండి అయితే సంబంధిత అధికారులు ఇచ్చిన ఫారం 21 సేల్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఉండాల, జిరాక్సు చూపించి తర్వాత ఇస్తాం అంటే నమ్మొద్దు, అది లేకపోతే బండి మీ పేరు మీదకి రాదు. శ్రీకాకుళం రిజిస్ట్రేషన్ బండి కొని గజపతి జిల్లాలో పెట్టుకుంటే 12 నెలలు దాటాక ఇక్కడి నంబరు వేయించుకోవాల, ఎన్ఓసీ అమ్మేవాడి చేతే ముందే తీయించండి. 15 ఏళ్ళు దాటిన ప్రైవేటు బండికి రెన్యువల్ చేయించాల, 2022 నుంచి ఆ ఫీజు బాగా పెరిగింది, బేరంలో అది తగ్గించుకోండి. జిప్సీ ప్రైవేటు రిజిస్ట్రేషన్ మీద ఉంటే కిరాయికి సరుకు వెయ్యకూడదు. పికప్ ట్రాన్స్‌పోర్ట్ బండి, 8 ఏళ్ళు దాటాక ఏడాదికోసారి ఫిట్‌నెస్. ఆర్‌సీలో మొత్తం బరువు 3000 కిలోలు మించకపోతే పర్మిట్ అక్కర్లేదు, పాతపట్నం వైపు రోజూ దాటేవాళ్ళకి ఇది పెద్ద వెసులుబాటు, కాబట్టి ఆ అంకె చూసి, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద చెక్కి ఉన్నవాటితో ఒక్కొక్క అంకె సరిచూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.