కొచ్చి, అలెప్పీ ట్రిప్: పడవ ఎక్కే చోటు ఎలా ఉందంటే

కేరళ వెళ్తున్నామంటే మున్నార్ గురించి, కరిమీన్ చేప వేపుడు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. నేను జెట్టీల గురించి చెప్తాను. మాది విశాఖ. 2023 నవంబరులో మా ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే ఆనించి కట్టిన బోట్లు ఒక్క రాత్రిలో 40 దాకా తగలబడిపోయాయి. డీజిల్, గ్యాస్ సిలిండర్లు అన్నీ లోపలే ఉంటాయి కదా, ఒకదానికి అంటుకుంటే మిగతావాటిని విడదీసే టైమెక్కడిది? అప్పట్నుంచీ ఎక్కడ పడవ చూసినా, దేనికి కట్టారు, పక్కదానికి ఎంత ఎడం ఉంది అన్నదే నాకు ముందు కంట్లో పడుతుంది.

కొచ్చిలో బోల్గాటి ప్యాలెస్‌లో దిగాం. డచ్చివాళ్లు 1744లో కట్టిన భవనం, ఇప్పుడు కేరళ టూరిజం కార్పొరేషన్ వాళ్ల హోటల్. పెద్ద పెద్ద చెట్లు, పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత చోటు. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివాళ్లు సీసా వెంట పెట్టుకోండి. నేను ఆ హోటల్ ఎంచుకున్నది మాత్రం పక్కనే ఉన్న మెరీనా కోసం. 2010లో మొదలైంది. యాట్‌లలో (విహార పడవల్లో) దేశాలు తిరిగేవాళ్లు దారిలో ఆగే చోటిది.

అక్కడ నడిచే బాట నీళ్లమీద తేలుతూ ఉంటుంది. ఆటుపోట్లతో పాటే అదీ లేస్తుంది, దిగుతుంది. కాబట్టి ఎప్పుడు ఎక్కినా బోటు అంచు, మన కాలు ఒకే ఎత్తులో ఉంటాయి. ఒక పడవ తాడు కొక్కేనికి ఒరుసుకునే చోట పాత నీళ్ల గొట్టం ముక్క తొడిగారు. తాడు అరిగేది అక్కడే మరి, తెగితే ఏ అర్ధరాత్రో తెగుతుంది. ఇంకోపక్క ఒకతను పొడుగు కర్రకి వల కట్టి, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కని, దాంట్లో చిక్కుకున్న ప్లాస్టిక్ సీసాల్ని లాగుతున్నాడు. పొద్దున్న తీస్తే సాయంత్రానికి మళ్లీ వస్తుందట. పక్కనున్న వేంబనాడ్ సరస్సు ఉన్నంతకాలం ఆ పనికి సెలవు లేదు. ఇంజిన్ కింద చేరే నూనె నీళ్లు కూడా బయటికి తోడేసేవి కావనీ, డబ్బాల్లోకి తీసి ఒడ్డుకి చేర్చాల్సినవనీ అతనే చెప్పాడు.

ఊళ్లో తిరగడానికి వాటర్ మెట్రో ఎక్కండి. 2023 ఏప్రిల్లో మొదలైంది, అప్పట్లో హైకోర్టు జెట్టీ నుంచి వైపిన్ దీవికి 20 రూపాయలే. కొచ్చిన్ షిప్‌యార్డులో తయారైన ఏసీ బోట్లు, బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి డీజిల్ కంపు లేదు. పెద్ద బోటులో నిలబడేవాళ్లతో కలిపి 100 మందే. గేటు దగ్గరే లెక్క తేలిపోతుంది, "సర్దుకోండి సార్" అనేవాడే లేడు! మొత్తం ట్రిప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

అలెప్పీలో కథ వేరు. మేం తీసుకున్న హౌస్‌బోట్ ఒడ్డుకి ఆనుకుని లేదు. మూడు బోట్లు దాటుకుంటూ, రెండేసి పలకల మీద మా అమ్మని చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, లేకేం, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటక మీద కట్టిపెట్టారు. టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారని అడిగితే డ్రైవరు నవ్వి అప్పడాలు తెప్పించాడు. గదులు బాగున్నాయి, వంట ఇంకా బాగుంది, నిద్ర మాత్రం పట్టలేదు.

తిరిగొచ్చాక చుట్టాల్లో ఒకరు "మన పాపికొండల కన్నా నయమేగా" అన్నారు. పాపికొండల టూరిస్టు బోటు గోదావరిలో మునిగిన కచ్చులూరు ప్రమాదం 2019 సెప్టెంబరు 15న జరిగింది. 77 మందితో వెళ్లిన బోటులో బతికింది 26 మంది. అడుగుకి చేరిన ఆ బోటుని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి బయటికి లాగేసరికి అక్టోబరు 22 అయింది. ఇప్పుడు ఆ బోట్లు బయల్దేరే గండిపోచమ్మ దగ్గర కంట్రోల్ రూమ్ ఉంది, జాకెట్ వేసుకోమని వెంటపడతారు. ఆ విషయంలో మా హౌస్‌బోట్ కన్నా గోదావరే నయం. రేవులో చెత్త సంగతికొస్తే మాత్రం గోదావరిని కొచ్చితో పోల్చకండి, అక్కడ కొచ్చే నయం.

హౌస్‌బోట్ వద్దనను. ఫొటోలు చూసి డబ్బు మొత్తం ముందే కట్టేయకండి, అంతే. ముందురోజే అలెప్పీ చేరి రేవుకి వెళ్లండి. ఒడ్డు నుంచి నేరుగా ఎక్కే బోటు అడగండి. వంటగదిలో మంటలార్పే సిలిండర్ ఉందో లేదో, ఉంటే దాని ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూడండి. జాకెట్ ఒకటి తొడుక్కుని బకిల్ పడుతోందో లేదో లాగి చూడండి. సాయంత్రం అయిదున్నరకల్లా వలలు వేసేవాళ్ల కోసం బోట్లన్నీ కట్టేస్తారు, రాత్రంతా ఎక్కడ కట్టి ఉంచుతారో కూడా అప్పుడే అడిగేయండి.