వాడిన ఫిక్సర్‌లోంచి వెండి దింపడానికి స్టీల్ ఊల్: డ్రైనేజీ లేని ఊళ్లో పనికొస్తుందా?

పల్లెలో ఇంట్లోనే ఫిల్మ్ కడిగే డార్క్‌రూమ్ నడిపేవాళ్లకు డెవలపర్ (ఫిల్మ్‌పై బొమ్మను తేల్చే ద్రావణం) కన్నా ఫిక్సర్‌తోనే ఎక్కువ చిక్కు. పాత స్టూడియోల్లో హైపో అనే ఈ ద్రావణం ఫిల్మ్‌లో మిగిలిన వెండి లవణాలను కరిగించి తనలో ఉంచుకుంటుంది. ఇంకుడు గుంతలో పోస్తే నేరుగా భూమిలోకి, అక్కణ్నుంచి బోరు వైపు దిగుతుంది. సెప్టిక్ ట్యాంకులో పోస్తే అక్కడి బాక్టీరియాకు వెండి చేటు. అందుకే ముందు వెండి దింపాలి. దానికి హార్డ్‌వేర్ షాపులో చెక్క పాలిష్‌కి అమ్మే స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పోగుల పీచు) చవకగా, నమ్మకంగా పనిచేస్తుంది: ఇనుము కరుగుతుంటే దాని బదులు వెండి ద్రావణంలోంచి బయటపడుతుంది.

కొనేటప్పుడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. అంట్లు తోమే స్టీల్ పీచు చాలావరకు స్టెయిన్‌లెస్, అది ఇక్కడ పనికిరాదు. అయస్కాంతంతో చూసినా తేలదు, కొన్ని స్టెయిన్‌లెస్ రకాలూ అంటుకుంటాయి. ఒక పోగు ఉప్పునీళ్లలో ముంచి రాత్రంతా గాలికి వదలండి. ఎర్రగా తుప్పు పడితే సరైన సరుకే. సున్నాలు పెరిగేకొద్దీ పోగు సన్నం; 00 నంబరు బాగుంటుంది. 0000 వేగంగా పనిచేసినా తొందరగా పొడై వడకట్టడం కష్టం. పైన ఉండే నూనెను వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగేయాలి, లేదంటే మొదటి రోజంతా ఏమీ జరగదు.

లీటరు ఫిక్సర్‌కి 25 గ్రాములు వేయండి. లెక్క ప్రకారం గ్రాము ఇనుము దాదాపు 3.9 గ్రాముల వెండిని దింపగలదు గానీ, ఆమ్లమూ గాలీ కలిసి చాలా ఇనుమును వృథాగా తినేస్తాయి. ప్లాస్టిక్ బకెట్‌లో ఊల్‌ను వదులుగా విప్పి, పూర్తిగా మునిగేలా పెట్టాలి. ఉండలా చుట్టి నొక్కితే లోపలికి ద్రావణం చేరదు, పైకి తేలిన భాగం తుప్పు పట్టిపోతుంది. మూత బిగించకుండా వరండాలో వారం ఉంచి, రోజూ ఒకసారి కలపండి. ఊల్ నల్లబడి, అడుగున నల్లటి మడ్డి చేరుతుంది. వెండి అందులోనే ఉంటుంది.

పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర ఉంటే పని సాఫీగా సాగుతుంది. డెవలపర్ కలిస్తే క్షారం పెరిగి చర్య మందగిస్తుంది, స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే ఆమ్ల ద్రావణం) ఎక్కువైతే ఇనుమే ముందు కరిగిపోతుంది. ఇక బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు, విషవాయువు వస్తుంది.

పరీక్షకు కరెంటు తీగ తొడుగు తీసి, రాగిని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొన్ని నిమిషాలు ముంచండి. తెల్లటి పూత పడితే ఇంకా వెండి ఉన్నట్టే, కొత్త ఊల్ వేయాలి. పూత పడకపోతే చాలావరకు దిగిందని అర్థం. చివరి కొద్దిపాటి వెండిని రాగి పట్టుకోలేదు.

ఈ సరుకుకున్న పెద్ద లోటు ఇక్కడే. వెండి దిగినా ఇనుము, థయోసల్ఫేట్ (ఫిక్సర్‌లోని ప్రధాన రసాయనం), కొన్ని ఫిక్సర్లలో ఉండే అమ్మోనియం మిగిలే ఉంటాయి. అమ్మోనియం థయోసల్ఫేట్‌ను ఎరువుగా అమ్ముతారు కదా అని ఈ నీళ్లు మొక్కలకు పోయకండి. దగ్గర్లో ఫిల్మ్ ల్యాబ్ ఉంటే అడిగి వాళ్ల వ్యర్థాల్లో కలపడం మేలు. లేకపోతే వెడల్పాటి టబ్‌లో రెండంగుళాల లోతున పోసి, ఇంటికి దూరంగా, వాన పడని రేకు కింద, వల కప్పి ఎండబెట్టండి. ఉప్పదనానికి పశువులు నాకుతాయి, కాబట్టి టబ్ వాటికి అందని ఎత్తులో ఉండాలి. మిగిలిన పొరను, వడకట్టి ఆరబెట్టిన మడ్డిని విడివిడి డబ్బాల్లో పేరు రాసి దాచండి. మడ్డిని ఇంట్లో కరిగించొద్దు, ఘాటైన గంధకపు పొగ వస్తుంది.