45 ఇయర్స్: అమ్మతో కలిసి చూసిన సినిమా

పోయిన ఆదివారం తిరుపతిలో మా ఇంట్లో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని '45 ఇయర్స్' చూశాను. 2015లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా, ఆండ్రూ హే డైరెక్టర్. అమ్మకు ఇంగ్లిష్ రాదు కాబట్టి ఒక్కో మాటా చెబుతూ వచ్చా. సగం కూడా కాకముందే "నువ్వు గమ్మునుండు, నాకు తెలస్తానే ఉండాది" అంది. ఈ సినిమా ఎంత బాగా తీశారో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ వైపు ఒక పల్లె. కేట్, జెఫ్ రిటైరైపోయిన మొగుడూ పెళ్లాలు, పిల్లల్లేరు. శనివారం వాళ్ల 45వ పెళ్లిరోజు పార్టీ, దానికి ముందు సోమవారం ఒక ఉత్తరం వస్తుంది. పెళ్లికి ముందు జెఫ్ ప్రేమించిన కాత్యా అనే అమ్మాయి 1962లో ఆల్ప్స్ కొండల్లో మంచు చీలికలో పడిపోయింది, ఆమె శవం ఇన్నేళ్లకు ఆ మంచులో కనిపించిందట. పడినప్పుడు ఏ వయసో ఇప్పుడూ అదే వయసు. ఇంట్లో ఉన్న ఆవిడకేమో తల నెరిసింది.

ఇందులో తిట్టుకోవడానికి ఎవరూ దొరకరు, నాకు అదే కష్టంగా అనిపించింది. జెఫ్ ఎవరి దగ్గరికీ పోలేదు, మళ్లీ సిగరెట్లు మొదలుపెట్టాడు, రాత్రిపూట అటక ఎక్కుతున్నాడు, అంతే. తనకు పరిచయం కాకముందే చనిపోయిన మనిషిని తలచుకుని నిద్ర పట్టడం లేదని కేట్ ఎవరితో చెప్పుకుంటుంది చెప్పండి?

అటక మీద సీన్ ఒకటుంది (కథ తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి). మొగుడు ఇంట్లో లేనప్పుడు కేట్ ఒక్కతే పైకెక్కి పాత స్లైడ్ ప్రొజెక్టర్ ఆన్ చేస్తుంది. టక్... టక్... ఒక్కో ఫోటో మారుతుంది. మనకు ఒకవైపు ఆ బొమ్మలు, ఇంకోవైపు ఆవిడ మొహం. మాట లేదు, వెనకాల మ్యూజిక్ కూడా లేదు. అమ్మ ముందుకు వంగి, "ఆ పిల్ల కడుపుతో ఉండాదే!" అంది. కేట్‌కి కూడా సరిగ్గా అప్పుడే తెలిసింది. కేట్‌గా చేసిన షార్లెట్ రాంప్లింగ్ కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోతుంది. ఆ ఏడాది బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆమెకు, జెఫ్‌గా చేసిన టామ్ కోర్ట్‌నీకి ఇద్దరికీ ఉత్తమ నటుల అవార్డులు ఇచ్చారు, రాంప్లింగ్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

లోటు లేదని కాదు. జెఫ్ పాత ఫ్యాక్టరీ వాళ్ల భోజనం గొడవ నన్ను పెద్దగా పట్టుకోలేదు, మొదటి అరగంట బాగా నిదానం. ఫోన్ చూసుకుంటూ చూస్తే మాత్రం ఏమీ మిగలదు, సగం కథ ఆవిడ మొహంలోనే జరుగుతుంది.

చివర్లో పార్టీ చూస్తుంటే మా వాళ్ల షష్టిపూర్తి గుర్తొచ్చింది. మళ్లీ పీటల మీద కూర్చోబెట్టి, దండలు మార్పించి, అందరం ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం, "నవ్వమ్మా" అని నేనే నాలుగుసార్లు అన్నా. లోపల ఏముందో ఒక్కరం అడగలేదు. తెర మీద కేట్, జెఫ్ తమ పెళ్లినాటి పాటకే డాన్స్ చేస్తున్నారు, జెఫ్ ఆవిడ చేయి పట్టుకుని పైకెత్తాడు. తర్వాత ఏమవుతుందో నేను చెప్పను. పేర్లు పడుతుంటే టీవీ ఆపబోయా.

"ఆపొద్దు, ఇంకోసారి వెనక్కి తిప్పు" అంది అమ్మ, "ఆయమ్మ చేయి చూడాల."